బోర్లించిన గిన్నెలు

దసరా సెలవులు ఇచ్చే రోజు మా ల్యాబులో మిషన్లకు పూజ చేస్తారు. ఊడ్చేది నేను, కడిగేది నేను, గుమ్మానికి మామిడాకులు కట్టేది నేను. బొట్టు పెట్టే వేళకు మాత్రం కాశయ్య వచ్చి నన్ను పక్కకు జరుపుతాడు. కాలేజీలో ఊడ్చే తుడిచే వాళ్లందరి మీద కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు అతను. మా ఆయన బాలేష్ పోయినప్పటి నుంచి నా చేత్తో పసుపు కుంకుమ ఎక్కడా పెట్టనివ్వరు.

ఆ ఏడు కూడా అంతే అయింది.

"అక్కా, జర పక్కకు జరుగు. ముత్తయిదువలను రానీయ్."

"ఈ మిషన్లు ఏడాది పొడుగునా తుడుస్తున్న. అప్పుడు నీకు ముత్తయిదువలు యాదికి రారా కాశయ్యా?"

"అబ్బ, పండుగ పూట నీతోని లొల్లి ఎందుకే? ఏదన్న పని చేస్కో. అగో, ఆ గాజు బిళ్లలున్నయి కదా, వాటి మీద కుంకుమ పడకుండ ఏమన్న కప్పు."

కిటికీ పక్కన బల్ల మీద గాజు బిళ్లలు పరిచి ఉన్నాయి. పొద్దున భావన వాటి మీద రంగునీళ్లు పూసి, ఆరాలని వదిలి, ఊరెళ్లే బస్సు కోసం పరుగెత్తింది. భావన మా ల్యాబులో పీహెచ్‌డీ చేసే అమ్మాయి. వాళ్ల నాయనమ్మది తణుకు అవతల పల్లెటూరు. వీళ్లు వనస్థలిపురంలో ఉంటారు.

కప్పడానికి బట్ట వేస్తే తడికి అంటుకుంటుంది. కాగితం గాలికి లేస్తుంది. ప్రసాదం శనగ గుడాలు పంచడానికి ఇంటి నుంచి తెచ్చిన స్టీలు గిన్నెలు సంచిలో ఉన్నాయి. ఒక్కో బిళ్ల మీద ఒక్కో గిన్నె బోర్లించాను. గుడాలు కాగితం పొట్లాలలో పంచాము. సాంబ్రాణి పొగ గది నిండింది. కాశయ్య గుమ్మడికాయ కొడితే కుంకుమ నీళ్లు బల్ల దాకా చిందాయి. నా గిన్నెల మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. లోపలి బిళ్లల మీద ఒక్క చుక్క పడలేదు. తాళం వేసి అందరం ఇళ్లకు పోయాము.

సెలవుల తర్వాత తాళం తీసింది నేనే. గిన్నె ఎత్తగానే ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. బిళ్లలు ఎప్పటిలా ఇటుక రంగులో లేవు. వంకాయ తోలు లాగా నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. పాడైపోయాయేమో అనుకున్నాను. గిన్నెలు కడిగి సంచిలో పెట్టుకున్నాను. ఇంతలో సుబ్బరాజు సారు వచ్చారు.

సుబ్బరాజు సారు ల్యాబుకు పెద్ద. కరెంటు పారే ప్లాస్టిక్ మీద ఎన్నో ఏళ్ల నుంచి పని చేస్తున్నారు. మామూలు ప్లాస్టిక్‌లో కరెంటు పారదు. అందుకే వైర్లకు తొడుగుతారు. ఈ రకం ప్లాస్టిక్‌లో మాత్రం పారుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. అందులో కలిపితే కరెంటు జోరుగా పారే మందు ఒకటి తయారు చేశానని సారు చెప్పేవారు. భావన పూసే రంగునీళ్లు ఈ ప్లాస్టిక్‌ను కరిగించినవే. దసరా బిళ్లలలో మొదటిసారి ఆ మందు కలిపారు.

ఆయన బిళ్ల మీద సన్నటి సూదులు ఆనించి మీటరు చూశారు. మళ్లీ చూశారు. కుర్చీలోంచి లేచి, "కొట్టాం! నా మందు పని చేసింది!" అని అరిచారు. ఆ పూట కాలేజీ అంతటికీ మైసూర్‌పాకు పంచారు. నాకూ ఒకటి పెట్టారు. రావిర్యాలలో సోలారు సామాన్లు చేసే కంపెనీ ఒకటి ఉంది. వాళ్లకు ఆ రోజే ఫోను చేశారు. వచ్చి చూస్తామన్నారు.

కష్టమంతా ఆ తర్వాతే మొదలైంది. భావన మళ్లీ బిళ్లలు చేసింది. అదే మందు, అదే కొలత. ఇటుక రంగే వచ్చింది. కరెంటు పారలేదు. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"అమ్మాయ్, నీ చెయ్యి కుదురుగా లేదు," అన్నారు సారు. " దసరావి వచ్చాయిగా? ఇప్పుడెందుకు రావు? కంపెనీ వాళ్లు వచ్చేలోపు చేసి చూపించు. లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తాను. నువ్వు వేరే గైడును వెతుక్కో."

అంటే అన్నాళ్లూ ఆమె చేసిన పని అంతా పోయినట్టే. భావన ఏడ్చే పిల్ల కాదు. కోపం వస్తే అన్నం మానేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం డబ్బా తెరిచి, పెరుగన్నంలో చెయ్యి పెట్టి, అట్లాగే బిళ్లల వంక చూస్తూ కూర్చుంది.

"తిను బిడ్డా. బిళ్లలు యాడికి పోవు."

"పోతే బాగుండు నర్సింహమ్మా. చూడటానికే అసహ్యంగా ఉంది."

నేను తుడుస్తూ వంగి చూశాను. "గివి దసరా లెక్క లేవు. అవి నల్లగుండె. వీటిని కప్పలేదా?"

"కప్పడమేంటి?"

"గిన్నెలు బోర్లించిన కదా పూజ నాడు. కుంకుమ పడొద్దని."

ఆమె నా వంక చూసింది. పెరుగన్నం చేత్తోనే లేచి నిలబడింది. "ఎన్నాళ్లు కప్పి ఉన్నాయి?"

"సెలవులన్ని రోజులు. నేనే తీసిన పొద్దుగాల. సారు రాకముందు."

"అమ్మా, ఈ మాట ఎవరితోనైనా చెప్పారా?"

"అడిగిందెవరు? అందరు మైసూర్‌పాకు తింటున్రి."

మరునాడు గిన్నెలు మళ్లీ తెచ్చాను. భావన కొన్ని బిళ్లలలో మందు కలిపింది, కొన్నింటిలో కలపలేదు. నాకు కూడా తెలియాలని తెలుగులోనే చీటీలు రాసి అంటించింది. మందు ఉన్నదానికి 'మందు', లేనిదానికి 'సాదా'. రెండు రకాలలోనూ సగం కప్పాము, సగం వదిలేశాము. కప్పినవి ఆరిన తర్వాత తీసి చూస్తే అన్నీ వంకాయ రంగే. సాదావి కూడా. కప్పనివన్నీ ఇటుక రంగు. మందు ఉన్నవి కూడా. మీటరు కూడా అదే చెప్పింది.

"నేను ఇన్ని రోజులు అమ్మవారి మహిమ అనుకున్న," అన్నాను.

"సారేమో తన మహిమ అనుకున్నారు." చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వింది.

"మరి ఎవరి మహిమ?"

"మీరు యాచారం నుంచి బస్సులో వస్తారు కదా. వెనక నిలబడితే టికెట్టు డబ్బులు కండక్టరుకు ఎలా పంపుతారు?"

"చేతికి చేతికి అందిస్తం."

"జనమంతా వరసగా, ఒకరి పక్కన ఒకరు దగ్గరగా నిలబడితే?"

"జల్ది పోతది."

"ఒకడు కిటికీలోంచి చూస్తూ, ఒకడు బస్తా మీద కూర్చుని, ఒకడు నిద్రపోతూ ఉంటే?"

"నోటు నడిమిట్ల ఆగుతది. ఒక్కోసారి దొరకదు కూడ."

"ఇదీ అంతే. ఈ ప్లాస్టిక్‌లో పొడుగాటి గొలుసులు ఉంటాయి, కంటికి కనపడనంత సన్నవి. గొలుసు పొడుగునా అప్పడాల్లాంటి చదును ముక్కలు. ఒక గొలుసు మీద కరెంటు బాగానే పరుగెడుతుంది. అది అయిపోగానే పక్క గొలుసు మీదికి దూకాలి. అప్పడాలు ఒకదాని మీద ఒకటి దొంతరగా, దగ్గరగా కూర్చుంటే దూకుతుంది. అడ్డదిడ్డంగా పడి ఉంటే అక్కడే ఆగిపోతుంది. తడి తొందరగా ఆరితే ఎక్కడివి అక్కడే గడ్డ కడతాయి. గిన్నె కప్పితే ఆవిరి లోపలే ఉంటుంది, నెమ్మదిగా ఆరుతుంది. సర్దుకోవడానికి వాటికి టైము దొరుకుతుంది. దొంతర కుదిరితే రంగు కూడా ముదురుతుంది."

"అంటే డ్రైవరు ఒక్కసారిగ బ్రేకు కొట్టకుండ మెల్లగ పోతే జనం సర్దుకుంటరు."

"అంతే! మందు కాదు, మెల్లగా పోవడమే."

ఆమె సారు గదిలోకి వెళ్లింది. నేను బయట వరండా తుడుస్తున్నాను. తలుపు సగం తెరిచే ఉంది.

"కప్పు, కాదనను," అన్నారు సారు. "మందు కలిపినవి కప్పి చూపించు. సాదావి చూపించాల్సిన పని లేదు."

"సార్, సాదావి కూడా అంతే ఇస్తున్నాయి. మందు వల్ల వచ్చిందని నా పేరుతో ఎలా చెప్పను?"

"గిన్నె కప్పితే వస్తుందని చెబితే వాళ్లు గిన్నెలే కొనుక్కుంటారు. నా మందు ఎవడిక్కావాలి? అసలు నువ్వు గిన్నెలూ బీకర్లూ సరిగ్గా కడగలేదు. మందు సాదావాటిలోకి కూడా పాకి ఉంటుంది. ఇంతకీ దసరా బిళ్లలు కప్పి ఉన్నాయని ఎవరన్నారు?"

"నర్సింహమ్మ."

"ఊడ్చే మనిషి చెబితే రాసుకొచ్చేశావా?" సారు కాశయ్యను కేకేశారు. "ఏవయ్యా, పూజ రోజు వీటిని ఎవరన్నా కప్పారా?"

కప్పమన్నది తనే. కాశయ్య తల గోక్కున్నాడు. "యాదికి లేదు సార్."

మెట్ల దగ్గర నేను అతన్ని ఆపాను. "యాదికి లేదా? నీ నోటితోనే కదరా చెప్పినవ్!"

"అక్కా, పెద్దోళ్ల నడుమ మనకెందుకే? రేపు కంపెనీ వాళ్లు వస్తున్నరు. నువ్వు పైకి రాకు. కిందనే ఉండు. ఎవరన్న అడిగితే తెల్వదను."

"ఎందుకు రావద్దు?"

అతను నా నుదుటి వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. "మంచి పని మీద వస్తున్నరు. ఎదురు రావద్దంటున్న. గంతే. వస్తే మాత్రం సోమవారం నుంచి పని లేదనుకో."

మరునాడు పొద్దున గిన్నెలు సంచిలో వేసుకుని యాచారంలో బస్సెక్కాను. పెళ్లిళ్ల రోజులు, కాలు పెట్టే సందు లేదు. టికెట్టు నోటు ముందుకు పంపాను. ఒక పిల్లవాడు ఫోనులో మునిగి నోటు పట్టుకునే మరిచిపోయాడు. "ఓ కొడకా, నీ చేతిల ఆగింది, అందియ్యి," అని అరిచాను. అందరూ నవ్వారు. నోటు కదిలింది. భావన చెప్పిన మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. నోరు తెరిచి అడగకపోతే అది అక్కడే ఉండిపోయేది.

కాలేజీ ముందు కారు ఆగే వేళకు నేను వెనక మెట్ల నుంచి పోలేదు. ముందు మెట్ల మీదే, వచ్చేవాళ్లకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. కాశయ్య ముఖం మాడిపోయింది. కారులోంచి దిగిన పెద్దమనిషి పేరు ఇంద్రసేన. కంపెనీ తరఫున వచ్చింది ఆయనే, ఊరు రావిర్యాల పక్కనే. "ల్యాబు ఎటు అమ్మా?" అని నన్నే అడిగాడు. నేనే ముందు నడిచి పైకి తీసుకుపోయాను.

సారు తన మందు గురించి చాలాసేపు చెప్పారు. గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. అంతా విన్నాక ఇంద్రసేన భావన వైపు తిరిగి, "మీ చేత్తోనే చేశారటగా. మీరు చెప్పండి," అన్నాడు.

భావన సారు వంక చూడకుండా మొదలుపెట్టింది. "సార్, కరెంటు పెరిగిన మాట నిజం. మందు వల్ల పెరిగిందని నేను చెప్పలేను. గొలుసులు దొంతరగా సర్దుకోవడం వల్ల పెరిగింది. దసరా బిళ్లలు నెమ్మదిగా ఆరాయి. వాటిని ఎవరో కప్పారు." నా పని పోతుందని నా పేరు చెప్పలేదు.

"పిల్లల ఊహలు," అన్నారు సారు నవ్వుతూ. "కప్పినట్టు ఎవరూ చూడలేదు."

"కప్పింది నేను," అన్నాను.

అందరూ తలుపు వైపు తిరిగారు. కాశయ్య నా కొంగు పట్టుకుని లాగాడు. విదిలించుకున్నాను.

"మీరెందుకు కప్పారమ్మా?" అన్నాడు ఇంద్రసేన.

"నన్ను కుంకుమ ముట్టనియ్యలేదు సారు. మొగుడు లేనిదాన్నని పక్కకు నిలబెట్టిన్రు. ఊరికె నిలబడుడు ఎందుకని బిళ్లల మీద గిన్నెలు బోర్లించిన. సెలవుల తర్వాత తీసింది కూడ నేనే. గివే ఆ గిన్నెలు." సంచి బల్ల మీద పెట్టాను. "నా మాట నమ్మకుండ్రి. మీ ముంగట మళ్ల చేసి చూడుండ్రి."

సుబ్బరాజు సారు ముఖం ఎర్రబడింది. అయినా ఆయనకు తన మందు మీద నిజంగానే నమ్మకం ఉంది. "చెయ్యండి," అన్నారు. "బీకర్లు కొత్తవి. సీలు నేనే విప్పుతాను."

ఆయన చెప్పినట్టే కొత్త బీకర్లు తీశారు. గిన్నెలు కూడా ఆయన ముందే కడిగించారు. భావన పూసింది. చీటీలు అంటించింది. సగం బిళ్లల మీద నేను గిన్నెలు బోర్లించాను. సాయంత్రానికి చూడవచ్చని భావన చెప్పింది. కంపెనీ వాళ్లు భోజనానికి వెళ్లారు. నేను మాత్రం బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

కాశయ్య తలుపు దగ్గర నుంచే గొణిగాడు. "బతుకు మీద మన్ను పోసుకుంటున్నవ్ అక్కా."

"నా మన్ను నేను పోసుకుంట. నువ్వు లోపలికి రాకు, బిళ్లలకు నీ గాలి తగుల్తది."

కొంతసేపటికి సారు వచ్చారు. గిన్నెల చుట్టూ తిరిగారు. ఒక గిన్నె మీద వేలు పెట్టారు.

"తీయకుండ్రి సారు."

"నా ల్యాబులో నాకే చెబుతున్నావా?"

"ల్యాబు మీదే. గిన్నె నాది."

ఆయన వేలు వెనక్కి తీసుకున్నారు. కిటికీలోంచి సాగర్ రోడ్డు వైపు చూశారు. ఆ పక్క పొలమంతా ప్లాట్ల వెంచరు జెండాలు ఎగురుతున్నాయి. "దీని వల్ల నీకేం వస్తుంది నర్సింహమ్మా? నిజంగా అడుగుతున్నాను."

"నాకేమొస్తది? ఏం రాదు. చేసింది చేసిన అని చెప్తున్న. ఆ పిల్ల కూడ గంతే. చేయనిది చేసినట్టు చెప్పమంటే ఎట్ల చెప్తది?"

ఆయన వెళ్లిపోలేదు. ఇంకో స్టూలు లాక్కుని ఆ చివర కూర్చున్నారు. సాయంత్రం దాకా ఇద్దరం ఆ గిన్నెలను చూస్తూ కూర్చున్నాము.

కంపెనీ వాళ్లు తిరిగి వచ్చాక ఇంద్రసేన, "తీయమ్మా," అన్నాడు. ఒక్కో గిన్నె ఎత్తుతూ చీటీ నేనే చదివాను.

"మందు." వంకాయ రంగు.

"సాదా." వంకాయ రంగు.

కప్పని బిళ్లల వైపు తిరిగి వాటివీ చదివాను. "మందు. సాదా." రెండూ ఇటుకలే.

భావన సూదులు ఆనించింది. కప్పిన సాదా బిళ్ల దగ్గరికి వచ్చేసరికి సారు ఆమెను పక్కకు జరిపి తనే ఆనించారు. మీటరు చూశారు. సూదులు తీసి, తుడిచి, మళ్లీ ఆనించారు. కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. మీటరు మారలేదు, మందు బిళ్లంత కరెంటే చూపించింది.

"గదిలో తేమ..." అని ఏదో మొదలుపెట్టారు.

"తేమ అన్ని బిళ్లలకూ ఒకటే కదా సార్," అంది భావన, ఈసారి సారు వంక చూస్తూనే.

ఇంద్రసేన చాలాసేపు బిళ్లలు చూశాడు. "రాజుగారూ, మందు మాకు వద్దు. ఈ అమ్మాయి దొంతర సంగతి పూర్తిగా తేలిస్తే, అప్పుడు మళ్లీ వస్తాం." వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర నా వైపు తిరిగి, "మీరు ఎదురొచ్చారమ్మా, మాకు మేలే జరిగింది," అన్నాడు. కాశయ్య వినాలనే గట్టిగా అన్నాడేమో తెలియదు. కాశయ్య మాత్రం విన్నాడు.

సోమవారం నన్ను హాస్టలు బాత్రూములకు వేశారు. పని లేదని అనలేకపోయారు, అందరి ముందూ జరిగింది కదా. నేను పొద్దున్నే రెండో అంతస్తుకు పోయి, ల్యాబు ఊడ్చి, ఆ తర్వాతే హాస్టలుకు పోయేదాన్ని. కాశయ్య అరిచేవాడు. "నీకు అక్కడ డ్యూటీ లేదు!" "లేకపోతే జీతం ఇయ్యకు," అనేదాన్ని. కొన్నాళ్లు అరిచి మానేశాడు. చివరికి అతనే నా పేరు మళ్లీ ల్యాబుకు మార్పించాడు. గిన్నెలు మాత్రం నేను ఇంటికి తీసుకుపోలేదు. అవి బల్ల మీదే ఉండిపోయాయి.

సారు భావనతో చాలా రోజులు ముభావంగా ఉన్నారు. వేరే గైడును వెతుక్కోమని మాత్రం మళ్లీ అనలేదు. ఒక పొద్దున నేను ఊడుస్తుంటే లోపలికి వచ్చారు. ఒక గిన్నె కొంచెం ఎత్తి, వాసన చూసి, మళ్లీ జాగ్రత్తగా బోర్లించారు.

"ఎంతసేపు కప్పితే దొంతర పూర్తిగా కుదురుతుందో చూశావా?" అని భావనను అడిగారు.

"చూస్తున్నాను సార్."

"మందు కలిపినవి కూడా చూడు. మందు వల్ల దొంతర చెడిపోతోందేమో తెలియాలి కదా." అనేసి బయటికి వెళ్లిపోయారు. తప్పయిందని అనలేదు. భావన ఆ వాక్యం వెంటనే రాసుకుంది.

మళ్లీ దసరా వచ్చింది. మిషన్లు తుడిచాను, మామిడాకులు కట్టాను. కిటికీ పక్కన తడి బిళ్లలు పరిచి ఉన్నాయి. కాశయ్య కుంకుమ పళ్లెంతో వచ్చాడు. అలవాటుగా నోరు తెరిచాడు.

"అక్కా, జర పక్కకు..."

పళ్లెం అతని చేతిలోంచి తీసుకున్నాను. "ఈ ఏడు నువ్వు కప్పు కాశయ్యా. గిన్నెలు అగో, బల్ల మీద ఉన్నయి. మెల్లగ బోర్లించు, బిళ్ల కదలొద్దు."

అతను సారు వంక చూశాడు. సారు గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టుకుంటున్నారు, తల ఎత్తలేదు. భావన మీటరు మీది గుడ్డ తీసి పక్కన నిలబడింది.

కాశయ్య పోయి గిన్నె అందుకున్నాడు. నేను వేలు కుంకుమలో ముంచి మీటరుకు బొట్టు పెట్టాను.